మూడు కన్నాల చీటీ

విదేశీ విద్యార్థుల విభాగంలో ఆవిడని అందరూ దబ్బనం అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. జానెడు ఉక్కు దబ్బనం ఎప్పుడూ ఆవిడ బల్ల మీద ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, ఆవిడ నోరు విన్నాక ఇంకో పేరు తోచలేదని కొందరు చెప్పేవారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. పనిముట్టు పేరేగా పెట్టారు, పనికిమాలినదని పెట్టలేదుగా అనుకుని ఊరుకునేది.

చేరినప్పుడు ఆవిడ ఊడ్చే మనిషి. రికార్డు గది ఊడుస్తుంటే బీరువాలోంచి జారిపడ్డ ఫైళ్ళ కాగితాలు చీపురుకి తగిలేవి. ఏ కాగితం ఏ ఫైలుదో ఎవరికీ తెలియదు. మూల నుంచి ఓ పాత రిజిస్టరు తీసుకుని, కుట్టు విప్పి, మళ్ళీ కుట్టి, అలా నాలుగుసార్లు విప్పి కుట్టి పని నేర్చుకుంది. నేర్పినవాళ్ళు లేరు. దారానికి మైనం రాస్తే తెగదని, ముడి అట్ట వెనకవైపు వేస్తే కాగితం చిరగదని, కుట్టు మరీ బిగిస్తే ఫైలు పూర్తిగా తెరుచుకోదని చేతులే చెప్పాయి. రెండేళ్ళలో ఆ గది ఆవిడ చేతికొచ్చింది. ఇంకో మూడేళ్ళకి ఊడ్చే పని వేరేవాళ్ళకిచ్చి ఆవిడకి బల్ల ఇచ్చారు.

ఆ బల్ల దగ్గరికి ఏడాదికి రెండు వందల మంది వచ్చేవారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, పరిశోధన చెయ్యడానికి వచ్చిన పెద్దలు. ఊరు తెలియదు, నీళ్ళు పడవు, గది దొరకదు. అవన్నీ చూసే మనుషులు వేరే ఉన్నారు. దబ్బనం పని ఒకటే: వాళ్ళు ఈ దేశంలో ఉండటానికి కావలసిన కాగితం పోకుండా చూడటం. ఏటా నివాస అనుమతుల ఆఫీసుకి వెళ్ళి, వరసలో నిలబడి, ఒక్కొక్కరి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు చీటీ తెచ్చేది. అరచేతంత చీటీ. దాని మీద ఒక ముద్ర, తేదీ, ఒక పొట్టి సంతకం, అంతే. పేరు ఉండదు, నంబరూ ఉండదు. అన్నీ రాస్తూ కూర్చుంటే వరస కదలదని ఆ ఆఫీసు వాళ్ళ వాదన.

మొదటి ఏడాదే ఒక చీటీ గాలికి ఎగిరి ఎక్కడో పడింది. ఆ దరఖాస్తు తమ లెక్కలో లేదని ఆఫీసు వాళ్ళు అంటే, దొరికాక ఆ చీటీ పట్టుకెళ్ళింది; కౌంటరు దగ్గరాయన నవ్వాడు. "పేరు లేని చీటీ. నీ పిల్లాడిదో పక్కవాడి పిల్లాడిదో ఎవడు చెప్పాలి?" అన్నాడు. ఆ పిల్లాడు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. మరుసటి నెల నుంచి ఆ ఉక్కు దబ్బనం కూడా ఆవిడ వెంట కౌంటరు దాకా వెళ్ళడం మొదలైంది. చీటీ చేతికి రాగానే దరఖాస్తు నకలు ఎడమ అంచు మీద పెట్టి, రెండింటికీ కలిపి అక్కడికక్కడే మూడు కన్నాలు పొడిచి ముడి వేసేది. ఆఫీసుకొచ్చాక ఫైలు మొత్తాన్ని అవే కన్నాల్లోంచి అట్టకి కుట్టేది. కంటి అంచనాతో పొడిచే కన్నాలు కాబట్టి ఒక ఫైలు కన్నాలు ఇంకో ఫైలుకి కుదరవు. వరసలో వాళ్ళు వెనక నుంచి "అమ్మా, ఇక్కడ బొంత కుడుతున్నావా?" అని అరిచేవారు. "నీ నోరు కూడా కుడతాను, ఆగు" అనేది.

ఇలా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. తరవాత ప్రసంగం వచ్చాడు.

విభాగానికి వచ్చిన కొత్త డైరెక్టరుకి సిబ్బంది పెట్టిన పేరది. వచ్చిన వారంలోనే విభాగం బోర్డు తీయించి 'స్వాగత సహాయ కేంద్రం' అని రాయించాడు. కౌంటరు పీకించి సోఫా వేయించాడు. "సేవ అంటే చిరునవ్వు" అని గోడ మీద అంటించాడు. ఆయన మాటలు కోటలు దాటేవి. నివాస అనుమతుల ఆఫీసు ఏ వీధిలో ఉందో మాత్రం ఆయనకి తెలియదు.

అదే నెలలో విత్తనాలమ్మ వచ్చింది. వ్యవసాయ విభాగంలో విత్తనాల మీద పని చెయ్యడానికి రెండేళ్ళకని వచ్చిన విదేశీ పరిశోధకురాలు. పొడుగు మనిషి, పెద్ద అంగలు, ఎప్పుడూ చెప్పులకి మట్టి. ఈ భాష పొలం కూలీల దగ్గర నేర్చుకుంది కాబట్టి మర్యాదలు తడుముకునేది కానీ తిట్లు మాత్రం గలగలా వచ్చేవి. ఆవిడ ఇచ్చిన ఫోటోలో చెవులు కనబడలేదని దబ్బనం వెనక్కి పంపింది. రెండోసారి నీడ పడిందని పంపింది. మూడోసారి నవ్వుతున్నారని. నాలుగోసారి ఫోటో సరిగ్గానే ఉంది, వెనక సంతకం లేదు.

విత్తనాలమ్మ రెండు పేజీల ఫిర్యాదు రాసింది. "సహాయం చెయ్యడానికి మనిషిని పెట్టామన్నారు. ఈమె మనిషి కాదు, తలుపు గడియ." ఆ వాక్యాన్ని ప్రసంగం సిబ్బంది సమావేశంలో పైకి చదివాడు. అందరూ నవ్వారు. మర్నాడు దబ్బనం బల్ల హాల్లోంచి రికార్డు గది గుమ్మం పక్కకి వెళ్ళింది. అనుమతుల ఆఫీసు వరస పని మాత్రం ఆవిడ దగ్గరే ఉంచారు. ఆ ఎండలో నిలబడటానికి ఇంకెవరూ ముందుకి రాలేదు.

ఏడాదిన్నర గడిచాక కిందటి ఐదేళ్ళ ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. కాంట్రాక్టు మనుషులు ఇద్దరొచ్చి బ్లేడుతో కుట్లు కోశారు. కాగితాలు యంత్రంలోకి చకచకా వెళ్ళాయి. చీటీలు చిన్నవి, యంత్రంలో ఇరుక్కుంటున్నాయి. వాటిని తీసి పక్కన గోనెసంచిలో పడేస్తున్నారు.

దబ్బనం లేచి వెళ్ళింది. "ఆ చీటీలు..." అని నోరు తెరిచింది.

ప్రసంగం అక్కడే ఉన్నాడు. "అమ్మా, మీరు కాస్త పక్కకి జరగండి. దారాల కాలం పోయింది. అసలు ఇక్కడ మీ అవసరం ఏముందా అని నేనే ఆలోచిస్తున్నాను" అన్నాడు. కాంట్రాక్టు మనుషులు తలలు వంచుకుని నవ్వారు.

ఆవిడ పక్కకి జరిగింది. కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుంది. మూడు రోజులపాటు సంచి నిండుతుంటే చూసింది. అడిగారా? అడగలేదుగా. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం అన్నం బాగానే తిన్నది. ఆ మాట తరవాత ఆవిడే ఒప్పుకుంది.

ఆ తరవాత నాలుగు నెలలకి ఒక మంగళవారం అనుమతుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వర్షానికి కప్పు కారి తమ రిజిస్టర్లు కొన్ని పాడయ్యాయట. విత్తనాలమ్మ కిందటేడు పెట్టిన పొడిగింపు దరఖాస్తు తమ లెక్కలో లేదట. అందినట్టు చీటీ శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల చూపించాలి. చూపించకపోతే ఆవిడ పదకొండు నెలలుగా అనుమతి లేకుండా ఉన్నట్టే. వారంలో దేశం వదిలి వెళ్ళాలి, ఐదేళ్ళ దాకా తిరిగి రాకూడదు.

విత్తనాలమ్మ ప్రసంగం గదిలోకి తలుపు తోసుకుని వచ్చింది. దబ్బనాన్ని అప్పటికే పిలిపించి నిలబెట్టారు.

"పంతొమ్మిది రోజులు!" అంది విత్తనాలమ్మ. "మూడో పంట కొయ్యడానికి పంతొమ్మిది రోజులుంది. మొదటి రెండు పంటలూ ఈ మూడోదాని కోసమే. ఇది కొయ్యకుండా పోతే నా రెండేళ్ళూ బూడిద. అర్థమవుతోందా మీకు?"

"శాంతం, శాంతం. మేము మీ కుటుంబం లాంటివాళ్ళం" అన్నాడు ప్రసంగం.

"నాకు కుటుంబం ఉంది. చీటీ కావాలి."

ప్రసంగం కంప్యూటరు తిప్పి చూపించాడు. దరఖాస్తు నకలు ఉంది. దాని తరవాత ఏమీ లేదు. "చూశారుగా. చీటీ లేదు. అంటే దరఖాస్తు తయారు చేశారు కానీ అక్కడ ఇవ్వలేదు."

"ఇచ్చాను" అంది దబ్బనం.

"కంప్యూటర్లో లేదమ్మా."

"కంప్యూటరు నాతో వరసలో నిలబడలేదు సార్."

విత్తనాలమ్మ ఆవిడ వైపు తిరిగింది. "నా మీద కసి తీర్చుకున్నావు. ఫిర్యాదు రాశానని. గడియ అన్నానని. అవునా?"

ఆ ఉత్తరం చదివినప్పుడు దబ్బనం మనసులో మొట్టమొదట కలిగింది సంతోషమే. తగిన శాస్తి అనుకుంది. ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు కానీ, కలిగిన మాట నిజం.

విత్తనాలమ్మని సోఫా దగ్గర కూర్చోమని బయటికి పంపి ప్రసంగం గొంతు తగ్గించాడు. ఒక కాగితం ముందుకి జరిపాడు. అప్పటికే టైపు చేయించి ఉంచాడు. "పని ఒత్తిడి వల్ల పై దరఖాస్తు సమర్పించడం మరిచిపోయాను. క్షమించగలరు." కింద సంతకానికి చోటు.

"రేపు సాయంత్రానికి సంతకం చేసి ఇవ్వండి. మందలింపుతో సరిపెడతాను. ఆవిడ వెళ్ళి మళ్ళీ ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుంటుంది."

"చీటీ స్కానింగు రోజున గోనెసంచిలో వేశారు సార్. సంచి స్టోరులో ఉంది. వెతికితే దొరుకుతుంది."

ఆయన మొహంలో చిరునవ్వు పోయింది. "ఆ సంచి మాట ఎత్తకండి. ఇక పాత కాగితం ఒక్కటీ అక్కర్లేదని పైవాళ్ళకి నా చేత్తో రాసిచ్చాను. ఒక్క చీటీ కోసం వెతికారంటే మొత్తం స్కానింగే తప్పని అవుతుంది. అయినా, చీటీలు సంచిలో వేస్తుంటే మీరు అక్కడే కూర్చున్నారు కదా. అప్పుడు మీ నోరేమైంది?"

దబ్బనం కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

ఇంట్లో ఉండేది ఆవిడా, ఆడపడుచూ. భర్త లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే. ఆడపడుచు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఇద్దరికీ క్షణం పడదు, ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకి తోచదు. సాయంత్రం ఆ కాగితం మిషను పక్కన పెట్టి జరిగిందంతా చెప్పింది.

ఆడపడుచు పెడలు ఆపకుండానే విన్నది. "సంతకం పెట్టెయ్యి వదినా. పీడా పోతుంది. అయినా ఆ పొడుగామె నీకేం మేనకోడలా?"

"ఆవిడ కోసం కాదే. ఇచ్చిన దరఖాస్తు ఇవ్వలేదని రాయమంటున్నాడు."

"రాస్తే?"

"నువ్వు కుట్టిన జాకెట్టు నువ్వు కుట్టలేదని రాసిస్తావా?"

"బాగా కుదరకపోతే రాసిస్తాను" అని నవ్వింది ఆడపడుచు. తరవాత మిషను ఆపింది. "సరే, ఇచ్చావు. చీటీ తెచ్చావు. కుట్టావు. అది సంచిలో పడుతుంటే మాత్రం చూస్తూ కూర్చున్నావు. ఎందుకని?"

"నన్ను పక్కకి జరగమన్నాడు."

"అన్నది వాడు. సంచిలో పడింది ఆవిడ చీటీ. అత్త మీద కోపం దుత్త మీద చూపించావు. ఇప్పుడు దుత్త పగిలేసరికి నాకేం తెలుసంటే ఎట్లా?"

"నువ్వు నా పక్కనా, ఆవిడ పక్కనా?"

"నేను మిషను పక్కన. దీపం వెయ్యి, కనబడి చావట్లేదు."

బుధవారం పొద్దున దబ్బనం స్టోరుకి వెళ్ళింది. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. స్టోరుకీపరు పొట్టి మనిషి, చెవిలో పెన్సిలు, గీకినా రెండు మాటలకి మించి రాలవు. విశ్వవిద్యాలయంలో చీపుళ్ళ నుంచి బీరువాల దాకా ఆయన చేతి మీదుగా వెళ్ళాలి.

"స్కానింగు సంచి ఏది?"

"ఏం పని?"

"దాంట్లో నా కుట్టుంది."

ఆయన వేలు చూపించాడు. మూల గోనెసంచి, ఫైలు కాగితాల మూటలు పక్కన. కాగితాలు పేర్ల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. విత్తనాలమ్మ మూట వెంటనే దొరికింది. అట్ట కూడా ఉంది. దరఖాస్తు నకలు తీసి ఎడమ అంచు వెలుతురుకి పెట్టి చూసింది. మూడు కన్నాలు. పై రెండూ దగ్గరగా, మూడోది కాస్త దూరంగా, లోపలికి జరిగి. ఆ రోజు కౌంటరు అంచు గరుకుగా ఉండి చెయ్యి జారింది, గుర్తొచ్చింది.

సంచి నేల మీద గుమ్మరించింది. తొమ్మిది వందల చీటీలైనా ఉంటాయి.

గుమ్మంలో పొడుగాటి నీడ పడింది. "ఇక్కడ దాక్కున్నావా?" అంది విత్తనాలమ్మ. "నీ బల్ల దగ్గర లేవు. పారిపోయావనుకున్నాను."

"పారిపోయేదాన్నైతే ఇంత దుమ్ములోకి రాను. కూర్చో. తేదీ చదవడం వచ్చుగా?"

"నాకు పని చెప్పకు."

"నీ చీటీయే. వద్దంటే వెళ్ళు."

విత్తనాలమ్మ కూర్చుంది. ఆవిడ మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఇద్దరూ చీటీలు తేదీల వారీగా వేరు చేశారు. పని విషయంలో మాత్రం విత్తనాలమ్మ చేతులు తప్పు చెయ్యలేదు. విత్తనాలు ఏరడం అలవాటున్న వేళ్ళు. పదిహేనేసి చీటీల కట్టలు కట్టి అంచులు సమంగా తట్టి పెట్టింది. దబ్బనం అది ఓరకంట చూసింది.

మధ్యాహ్నానికి ఆ తేదీ చీటీలు ఇరవై రెండు తేలాయి. ఒక్కొక్కటీ నకలు అంచు మీద పెట్టి, దబ్బనం మొన కన్నాల్లోకి దించి చూసింది. ఒకటి కుదిరితే రెండోది కుదరలేదు. రెండు కుదిరితే మూడోది కుదరలేదు. ఇరవై రెండూ అయిపోయాయి.

"లేదు" అంది విత్తనాలమ్మ. గొంతులో తిట్టు లేదు. అది ఇంకా బాగాలేదు.

"ఆ రోజు ఇరవై మూడు ఇచ్చాను."

"అబద్ధం."

"ఇరవై మూడు. రెండుసార్లు లెక్కపెట్టుకుని బస్సెక్కాను." దబ్బనం స్టోరుకీపరు వైపు తిరిగింది. "ఈ సంచిలోంచి ఎవరైనా తీశారా?"

ఆయన చెవిలో పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "తీశాను. వెనక తెల్లగా ఉంది. సామాను ఇష్యూ చీటీలకి పనికొచ్చాయి."

"ఎన్ని?"

"లెక్క ఎవరు పెట్టారు?"

"తేరగా వచ్చిన కాగితం కదా, లెక్కెందుకులే" అని దబ్బనం లేచింది. "రాసినవి ఏం చేస్తావు?"

ఆయన బల్ల కింద నుంచి మూడు ఇనప ఊచలు తీశాడు. కాగితాలు గుచ్చే ఊచలు, ఒక్కొక్కదానికీ చీటీలు నిలువెల్లా గుచ్చి ఉన్నాయి. "వరస చెడగొట్టకండి" అన్నాడు.

రెండో ఊచ సగానికి వచ్చేసరికి ఆ తేదీ చీటీ ఒకటి దొరికింది. దాని వెనక పెన్సిలుతో "ట్యూబులైట్లు 2, బకెట్టు 1, ఆడపిల్లల హాస్టలు" అని ఉంది. నడిమధ్యలో ఊచ కన్నం. అంచున మూడు పాత కన్నాలు. దబ్బనం నకలు మీద పెట్టి మొన దించింది. ఒకటి. రెండు. మూడు.

విత్తనాలమ్మ ఆ చీటీ వైపు చూసి, స్టోరుకీపరు వైపు చూసి, కూలీల దగ్గర నేర్చుకున్న మాట ఒకటి అంది. ఆయన పెన్సిలు పడిపోయింది.

"ఊచలోంచి పోయిన చీటీకి బదులు చీటీ రాసివ్వాలి" అన్నాడు తేరుకుని.

"రాసిస్తాను. వెనక తెల్లగా ఉన్నది ఒకటి ఇవ్వు" అంది దబ్బనం.

చీటీ తీసుకెళ్ళి చూపించేటప్పుడు విభాగం నుంచి ఒక ఉత్తరం ఉంటే మేలు. ప్రసంగం ఉత్తరం ఇవ్వనన్నాడు. "సంచి జోలికి వెళ్ళొద్దని చెప్పాను. మీరు విభాగం తరఫున వెళ్ళటం లేదు. గుర్తుంచుకోండి" అన్నాడు. ఆవిడ సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టింది. టైపు చేసిన కాగితం సంతకం లేకుండా దాని కిందే పెట్టింది.

గురువారం ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు. సీటు ఖాళీ ఉన్నా పక్కపక్కన కూర్చోలేదు.

అనుమతుల ఆఫీసులో వరస గేటు దాకా ఉంది. రెండు గంటలు నిలబడ్డారు. కౌంటరు దగ్గర కళ్ళద్దాలకి తాడు కట్టుకున్న అధికారి చీటీ అందుకుని ముందూ వెనకా తిప్పాడు.

"ట్యూబులైట్లు రెండు, బకెట్టు ఒకటి" అని పైకి చదివాడు. "తప్పు కౌంటరుకి వచ్చారమ్మా. హాస్టలు ఇటు కాదు."

వరస గొల్లుమంది. విత్తనాలమ్మ మొహం కందిపోయింది. దబ్బనం కదలలేదు.

"ఇటువైపు మీ ముద్రే సార్. తేదీ మీదే. సంతకం మీ వాళ్ళదే."

"ముద్ర మాదే. ఈవిడదని ఎట్లా చెప్పాలి? పేరేదీ?"

"పేరు వెయ్యనిది మీరు. అందుకే నేను కన్నాలు వేశాను." అట్ట, దరఖాస్తు నకలు, చీటీ ఒకదాని మీద ఒకటి పెట్టి, దబ్బనానికి మైనం దారం ఎక్కించి ఆయన వైపు తిప్పి పెట్టింది. "మీరే గుచ్చండి. కొత్త కన్నం పడితే నాది అబద్ధం."

ఆయన నవ్వుతూనే అందుకున్నాడు. మొన దించాడు. మూడు కాగితాల్లోంచీ వెన్నలోకి దిగినట్టు దిగింది. రెండోది దిగింది. మూడోది, ఆ పక్కకి జరిగిన కన్నం, దాంట్లోనూ దిగింది. నవ్వు తగ్గింది.

"నిన్న పొడిచి ఉండవచ్చు."

"అదే తేదీ చీటీలు ఇంకా ఇరవై రెండు తెచ్చాను. ఏది కుదురుతుందో చూసుకోండి. ఈమధ్య పడిన కన్నం ఎట్లా ఉంటుందో కూడా చూడండి. ఇదిగో, మా స్టోరుకీపరు గుచ్చింది." చీటీ నడిమి కన్నం చూపించింది. అంచు లేచి తెల్లగా ఉంది. అంచున ఉన్న మూడింటి చుట్టూ మైనం పట్టి, కాగితం అణిగి, పసుపు మచ్చలా తేలింది. "మైనం ఒక్కరోజులో ఇట్లా ఇంకదు."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తి దగ్గరగా చూశాడు. ఆరు చీటీలు తన చేత్తో పెట్టి చూశాడు. కుదరలేదు. వెనక వరస గొణుగుతోంది. ఆయన వినిపించుకోలేదు.

"మా కౌంటర్లో బొంతలు కుట్టేది నువ్వేనా?" అన్నాడు చివరికి.

"బొంత కాదు సార్. ఫైలు."

"సరే. చీటీ ఈవిడదే అనుకుంటాను. కానీ కుట్టిన చీటీ ఫైల్లోంచి ఊడి బకెట్టు కిందకి ఎట్లా వెళ్ళింది? అది రాసివ్వాలి. బాధ్యత ఉన్నవాళ్ళు సంతకం చెయ్యాలి. లేకపోతే నేను ముద్ర వెయ్యను."

దబ్బనం కాగితం తీసుకుని కౌంటరు పక్క బల్ల దగ్గర కూర్చుంది. కాంట్రాక్టు మనుషులు కుట్లు కోశారని రాసింది. చీటీలు యంత్రంలో పట్టక సంచిలో వేశారని రాసింది. అక్కడిదాకా నిజమే, అక్కడితో ఆపినా ఆయన ఒప్పుకునేవాడే. అయినా మరో వాక్యం రాసింది: "వేస్తున్నప్పుడు నేను ఎదురుగా కూర్చుని చూశాను. అవి ఏమిటో నాకు తెలుసు. నన్ను అవమానించారన్న కోపంతో చెప్పలేదు." కింద సంతకం పెట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ అసలు పేరు చాలామందికి కనిపించింది అప్పుడే.

విత్తనాలమ్మ భుజం మీదుగా చదివింది.

"చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"మూడు రోజులు?"

"మూడు రోజులు."

"నా పంట పోయేది."

"పోయేది."

అధికారి కాగితం చదివి, పొడిగింపు మీద ముద్ర వేసి, కిటికీలోంచి జరిపాడు. గురువారం మూడున్నర. విత్తనాలమ్మ దాన్ని అందుకుని, వెనక్కి చూడకుండా పెద్ద అంగలతో బస్టాపుకి వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. దబ్బనం వెనక బస్సులో వచ్చింది.

ఆ వాంగ్మూలం నకలు విశ్వవిద్యాలయానికి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. స్కానింగు గురించి పైవాళ్ళు ప్రసంగాన్ని వివరణ అడిగారు. ఆయన వివరణ పదకొండు పేజీలు ఉందని సిబ్బంది విన్నారు. అందులో ఆఖరి పేరా ఏమిటంటే, తప్పు తనే ఒప్పుకున్న ఉద్యోగిని రికార్డుల నుంచి తప్పించి స్టోరుకి పంపుతున్నట్టు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు" అంది ఆడపడుచు.

"గోరుచుట్టు నేనే తెచ్చుకున్నాను" అంది దబ్బనం, టిఫిను గిన్నె మూత బిగిస్తూ.

స్టోరులో మొదటి రోజే ఆవిడ ఆ సంచి నేల మీద పరిచింది. చీటీలు తీసి, నకళ్ళు వెతికి, కన్నం మీద కన్నం పెట్టి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు. స్టోరుకీపరు రెండు రోజులు చూసి, మూడో రోజు తన ఇష్యూ చీటీలకి కొత్త పుస్తకం తెప్పించుకున్నాడు. ఒక మైనం ముద్ద కూడా ఆవిడ బల్ల మీద పెట్టాడు.

ఉత్తరం వచ్చిన పద్దెనిమిదో రోజు పొద్దున విత్తనాలమ్మ గుమ్మంలో నిలబడింది. చెప్పులకి మట్టి, చేతిలో కాగితాలు. "కోతకి గోనెసంచులు నలభై కావాలి."

దబ్బనం కాగితాలు అందుకుంది. సామాను కోరే ఇండెంటు మూడు నకళ్ళు, ఎడమ అంచున నల్లదారంతో కుట్టి ఉన్నాయి. చొక్కా గుండీలు కుట్టే దారం. మూడు కన్నాలు, వంకర టింకర. ముడి ముందువైపు వేసింది, మొదటి పేజీ అప్పుడే కాస్త చిరిగింది.

దబ్బనం ఆ కుట్టు వైపు చూసింది. తరవాత అడుగున చూసింది.

"విభాగం పెద్ద సంతకం లేదు. పట్టుకురండి."

"రేపు కోత!"

"అయితే ఇవాళే పట్టుకురండి."

విత్తనాలమ్మ పళ్ళు కొరికింది. "గడియ" అంది. కాగితాల కోసం చెయ్యి చాపింది.

దబ్బనం ఇవ్వలేదు. ఆ నల్లదారం తెంపి పారేసి, మైనం దారం ఎక్కించి, అవే కన్నాల్లోంచి మళ్ళీ కుట్టి, ముడి వెనకవైపు వేసి, అప్పుడు ఇచ్చింది.

"ముడి ఇటు వెయ్యాలి. పరిగెత్తండి, ఆయన పదకొండింటికి వెళ్ళిపోతాడు."